మోడల్ యూఎన్‌కు తొలిసారి వెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

పదేళ్లకు పైగా మోడల్ యూఎన్ సదస్సులతో నాకు అనుబంధం ఉంది. మొదట డెలిగేట్‌గా వెళ్లాను, తర్వాత ఛైర్‌గా సభలు నడిపాను, ఇప్పుడు కొత్తగా వచ్చే పిల్లలకు తర్ఫీదు ఇస్తున్నాను. సదస్సుకు వారం ముందు ఫోన్లు మొదలవుతాయి. అడిగేవాళ్లు ఏటా మారతారు, ప్రశ్నలు మాత్రం దాదాపు అవే. వాటికి నేను చెప్పే జవాబులన్నీ ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. మీరు రాసిన ఒక వాక్యానికి, మొదటి రోజు మీతో గట్టిగా విభేదించిన పదిమంది మూడో రోజున ఒప్పుకొని, ఓటుగా తమ దేశం పేరున్న ప్లకార్డులు ఎత్తితే కలిగే ఆనందం వేరు. అది తొలి సదస్సులోనే మీకు దక్కాలని నా కోరిక.

మోడల్ యూఎన్ అంటే ఏమిటి? వక్తృత్వ పోటీకీ దీనికీ తేడా ఏమిటి?

ఐక్యరాజ్యసమితిలోని ఏదో ఒక కమిటీ సమావేశాన్ని విద్యార్థులే దేశాల ప్రతినిధులుగా కూర్చుని నడపడం మోడల్ యూఎన్. మన పిల్లలు దీన్ని ‘మన్’ అంటారు. ఒక్కొక్కరికి ఒక్కో దేశం ఇస్తారు. ఆ దేశం తరఫున మాట్లాడేవారు డెలిగేట్. ముందే ప్రకటించిన అంశం మీద రెండు మూడు రోజులు చర్చించి, బేరసారాలు సాగించి, చివరికి ఒక తీర్మానం రాసి ఓటుకు పెడతారు. సభను నడిపే ఛైర్, వైస్ ఛైర్ తదితరులను కలిపి ఎగ్జిక్యూటివ్ బోర్డు అంటారు. ‘ఈబీ’ అని మీకు వినిపించేది వీళ్ల గురించే.

వక్తృత్వ పోటీలో మెప్పించాల్సింది న్యాయనిర్ణేతలను. ఇక్కడ ఒప్పించాల్సింది ఎదురుగా కూర్చున్న దేశాలను, ఎందుకంటే ఓటు వాళ్ల చేతిలో ఉంది. ఉదయం మీరు ఎవరి వాదనను ఖండించారో మధ్యాహ్నం వాళ్ల దగ్గరికే వెళ్లి మద్దతు అడగాల్సి రావచ్చు. ఈ తేడా మనసులో నాటుకుంటే, సభ నియమాలు ఎందుకు అలా ఉన్నాయో చాలావరకు అర్థమవుతుంది.

ఐక్యరాజ్యసమితి పుట్టకముందే, 1920లలో, అమెరికా విశ్వవిద్యాలయాల విద్యార్థులు దానికి ముందున్న నానాజాతి సమితి (లీగ్ ఆఫ్ నేషన్స్) సమావేశాలను ఇలాగే నడిపేవారు. నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో పాఠశాల విద్యార్థుల సదస్సు 1968లో మొదలైంది. హార్వర్డ్ విద్యార్థుల సదస్సు భారత విభాగానికి హైదరాబాద్ వేదికగా నిలిచింది. ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నో పాఠశాలలు, కళాశాలలు సొంతంగా సదస్సులు నిర్వహిస్తున్నాయి.

నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం. తెలుగు మాధ్యమంలో చదివాను. వెళ్లవచ్చా?

తప్పకుండా వెళ్లండి. నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ భయంతోనే వస్తాయి. గొంతు తగ్గించి, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు అడుగుతారు. అలా అడగాల్సిన అవసరమే లేదు.

ఐక్యరాజ్యసమితికి 193 సభ్య దేశాలు, ఆరు అధికార భాషలు ఉన్నాయి. అరబిక్, చైనీస్, ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్. అంటే న్యూయార్క్‌లో ప్రసంగించే దౌత్యవేత్తల్లో చాలామంది తమ తల్లిభాష కానిదానిలోనే మాట్లాడుతున్నారు. పొట్టి వాక్యాలతో, తడబడినా ఆగి, సరైన మాట వెతుక్కుని చెప్పేవారిని అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు.

సన్నాహం మాత్రం కాస్త వేరుగా ఉండాలి. మీ దేశం ఏమి కోరుతోంది, ఎందుకు కోరుతోంది, దేనికి అసలు ఒప్పుకోదు అన్న మూడింటినీ ముందు తెలుగులో రాసుకోండి. తెలుగులో తేటగా చెప్పలేని విషయం ఇంగ్లీషులోనూ తేటపడదు. ఆ తర్వాతే ఇంగ్లీషులోకి మార్చండి. తొలి ప్రసంగానికి సాధారణంగా 60 నుంచి 90 సెకన్లు ఇస్తారు. నింపాదిగా పలికితే 90 సెకన్లకు నూటయాభై మాటలు చాలు. అన్ని మాటలను రెండు రోజుల్లో ఎవరైనా నోటికి తెచ్చుకోగలరు. మోషన్లు, అంటే సభ తర్వాత ఏమి చేయాలో సూచించే ప్రతిపాదనలు, పెట్టే వాక్యాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి కాబట్టి వాటిని ఒక కార్డు మీద రాసి దగ్గర పెట్టుకోండి.

ఇంకో ఉపాయం. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన తెలుగు అనువాదం ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. తెలుగు పాఠాన్నీ ఇంగ్లీషు పాఠాన్నీ పక్కపక్కన పెట్టి 30 అధికరణాలూ చదవండి. దౌత్య భాషలో మళ్లీ మళ్లీ వచ్చే మాటలు ఎన్నో అక్కడే పరిచయమవుతాయి.

ఒక సంఘటన చెబుతాను. ప్రభుత్వ జూనియర్ కళాశాల నుంచి వచ్చిన ఒక అమ్మాయి నేను ఛైర్‌గా ఉన్న కమిటీలో మొదటి రోజంతా రెండుసార్లే మాట్లాడింది. ఆమె పుస్తకం నిండా తెలుగు నోట్సు. రెండో రోజు సాయంత్రం, రెండు వర్గాలు ఒక పదం దగ్గర గంటసేపు ఆగిపోతే, ఆమె ఒక చీటీ మీద సవరణ రాసి రెండు వైపులకూ పంపింది. ‘తప్పనిసరి తనిఖీ’ అన్నచోట ‘ఆతిథ్య దేశం కోరితే తనిఖీ’ అని మార్చింది. ప్రతిష్టంభన అక్కడితో వీడింది. రోజంతా ఆమె అందరి మాటలూ విన్నది కాబట్టే అది సాధ్యమైంది.

మొదటిసారికి ఏ కమిటీ ఎంచుకోవాలి?

అన్ని సభ్య దేశాలూ కూర్చునే సర్వసభ్య సభకు (జనరల్ అసెంబ్లీ) చెందిన కమిటీని ఎంచుకోండి. ఆ సభకు ఆరు ప్రధాన కమిటీలు ఉన్నాయి. వాటిలో మొదటిది నిరాయుధీకరణ, అంతర్జాతీయ భద్రతలకు సంబంధించింది. మూడోది సామాజిక, మానవతా, సాంస్కృతిక అంశాలు చూస్తుంది. వీటిలో దేశాలు ఎక్కువ, అంశం విశాలం, నేర్చుకుంటూ ముందుకు సాగడానికి చోటు ఉంటుంది. 47 దేశాల మానవ హక్కుల మండలి కూడా కొత్తవారికి మంచిదే.

భద్రతా మండలిలో 15 దేశాలే ఉంటాయి. ఒక్క గంట మౌనంగా ఉన్నా అందరి కళ్లలో పడతారు. గంటకో కొత్త పరిణామం ప్రకటించే క్రైసిస్ కమిటీలను రెండు మూడు సదస్సులు చూసిన తర్వాత ప్రయత్నించండి. లోక్‌సభ, అఖిలపక్ష సమావేశం లాంటివి మన దేశపు సదస్సుల్లో బాగా పేరుపడ్డాయి. కానీ అక్కడ గొంతుల జోరు ఎక్కువ. రాజ్యాంగం, చట్టాలు తెలియకపోతే అరుపుల మధ్య నలిగిపోతారు. రాయడం ఇష్టమైతే విలేకరిగా, అంటే ఇంటర్నేషనల్ ప్రెస్ విభాగంలో చేరవచ్చు. అన్ని కమిటీలూ తిరిగి చూసే వీలు వాళ్లకే ఉంటుంది.

నాకు ఎవరికీ తెలియని చిన్న దేశం వచ్చింది. మార్పించుకోవాలా?

వద్దు. అమెరికా, రష్యా, చైనా దక్కలేదని దిగులుపడే పిల్లలకు నేను రెండు సంగతులు చెబుతుంటాను.

మాల్టా మధ్యధరా సముద్రంలో ఒక చిన్న ద్వీప దేశం. 1964లో స్వాతంత్ర్యం వచ్చింది. మూడేళ్లకే, 1967 నవంబరు 1న, ఆ దేశ ప్రతినిధి ఆర్విడ్ పార్డో సర్వసభ్య సభ మొదటి కమిటీలో లేచి, ఏ దేశ పరిధిలోకీ రాని సముద్రగర్భం మానవాళి ఉమ్మడి వారసత్వం కావాలని వాదించారు. సాంకేతిక శక్తి ఉన్న దేశాలు అడుగుభాగాన్ని పంచుకుంటే మిగతావారికి ఏమీ మిగలదన్నది ఆయన ఆందోళన. ఆ ఆలోచన 1982 నాటి సముద్ర చట్టాల ఒప్పందంలో చోటు చేసుకుంది.

రెండోది వనువాటు. పసిఫిక్‌లోని ఈ ద్వీప దేశ జనాభా దాదాపు మూడు లక్షలు, మన జిల్లా కేంద్రాల్లో చాలావాటికి సమానం. వాతావరణ మార్పు విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడగాలన్న ఆలోచన 2019లో యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్‌లో చదువుతున్న న్యాయశాస్త్ర విద్యార్థుల నుంచి వచ్చింది. వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న సర్వసభ్య సభ ఆ తీర్మానాన్ని ఓటింగ్ అవసరం లేకుండానే ఆమోదించింది. 2025 జులై 23న న్యాయస్థానం తన సలహా అభిప్రాయం వెల్లడించింది. దీన్ని మొదలుపెట్టినవారు మీలాంటి విద్యార్థులే. ఈ కథ తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కమిటీ గదిలోనూ చిన్న దేశానికి సౌలభ్యం ఉంది. పెద్ద దేశాల డెలిగేట్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు. మీరు రెండు వైపులకూ వెళ్లగలరు. మీ దేశానికి ప్రాణప్రదమైన ఒకే ఒక్క కోరికను ఎంచుకుని, ప్రతి మాటలో దాన్నే నిలబెట్టండి.

ఎన్ని రోజులు సిద్ధం కావాలి? ఏమి చదవాలి?

రెండు వారాలు, రోజుకో గంట సరిపోతుంది. అంశాన్ని పరిచయం చేస్తూ నిర్వాహకులు పంపే బ్యాక్‌గ్రౌండ్ గైడును మొదట రెండుసార్లు చదవండి. అందరి దగ్గరా ఉండేది అదే కాబట్టి, దానితోనే ఆగిపోతే మీరు చెప్పేదీ పక్కవారు చెప్పేదీ ఒకటే అవుతుంది.

తర్వాత మీ దేశం ఇంతకు ముందు ఎలా ఓటు వేసిందో వెతకండి. ఐక్యరాజ్యసమితి డిజిటల్ లైబ్రరీలో తీర్మానాలు, ఓటింగ్ వివరాలు ఉచితంగా దొరుకుతాయి. న్యూయార్క్‌లోని శాశ్వత ప్రతినిధి కార్యాలయాల వెబ్‌సైట్లలో ప్రసంగాలు ఉంటాయి. ప్రసంగంలో దేశం తనను ఎలా చూపించుకోవాలనుకుంటోందో కనబడుతుంది; ఓటులో అసలు నిర్ణయం కనబడుతుంది. రెండూ కలవనిచోట మంచి ప్రశ్న దొరుకుతుంది.

ఒప్పందాల విషయంలో సంతకానికీ ధ్రువీకరణకూ ఉన్న తేడా తప్పక తెలుసుకోండి. సంతకం సుముఖతను తెలుపుతుంది; ధ్రువీకరిస్తేనే దేశం ఒప్పందానికి కట్టుబడినట్టు. బాలల హక్కుల ఒప్పందంపై అమెరికా 1995లో సంతకం చేసింది, ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 1951 నాటి శరణార్థుల ఒప్పందంలో భారత్ భాగస్వామి కాదు. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందంపై కూడా భారత్ సంతకం చేయలేదు. మన దేశాన్ని ఎవరైనా ఈ ఒప్పందాల పేరుతో నిలదీస్తే ఏమి చెప్పాలో తెలియక భారత డెలిగేట్లు చిక్కుల్లో పడటం ఎన్నోసార్లు చూశాను.

ఐక్యరాజ్యసమితి ఛార్టర్, అంటే దాని స్థాపక ఒప్పందం, మొత్తం కంఠతా పట్టనక్కర్లేదు. అధికరణాల్లో బలప్రయోగాన్ని నిషేధించే 2(4), అంతర్గత వ్యవహారాల్లో జోక్యం వద్దనే 2(7), ఆత్మరక్షణ హక్కును చెప్పే 51, భద్రతా మండలి నిర్ణయాలకు కట్టుబడాలనే 25, శాంతియుత పరిష్కారం గురించిన ఆరో అధ్యాయం, శాంతికి ముప్పు వచ్చినప్పుడు తీసుకునే చర్యల గురించిన ఏడో అధ్యాయం చదవండి. సదస్సుల్లో వినిపించే వాదనల్లో ఎక్కువ భాగం వీటి చుట్టూనే తిరుగుతాయి.

కృత్రిమ మేధ చాట్‌బాట్లు వాడవచ్చా అని ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. కొత్త పదానికి అర్థం అడగండి, మీ ఇంగ్లీషు దిద్దించుకోండి. తీర్మానాల సంఖ్యలు, తేదీలు మాత్రం వాటి నుంచి తీసుకోకండి. లేని తీర్మానానికి సంఖ్య పెట్టి చెప్పగలవు అవి. ప్రతి సంఖ్యనూ అసలు పత్రం తెరిచి సరిచూడాలి. వికీపీడియాను దారి తెలుసుకోవడానికి వాడండి. సభలో ఆధారంగా చూపిస్తే ఛైర్ ఒప్పుకోరు.

పొజిషన్ పేపర్ ఎలా రాయాలి?

అంశంపై మీ దేశ వైఖరిని చెప్పే పత్రం ఇది. ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. సమస్య మీ దేశాన్ని ఎలా తాకుతోంది, ఇప్పటిదాకా మీ దేశం ఏమి చేసింది, ఇప్పుడు ఏమి ప్రతిపాదిస్తోంది అన్నవి మూడు పేరాల్లో చెప్పండి. మూడో పేరా మీద ఎక్కువ శ్రమ పెట్టండి, తీర్మానంలోకి వెళ్లేది అదే. దేశ భౌగోళిక స్వరూపం, రాజధాని, నాణెం పేరు వంటివి రాస్తూ సగం పేజీ నింపకండి.

నాకు కేటాయించిన దేశం విధానం నాకు నచ్చదు. దాని తరఫున ఎలా వాదించాలి?

ఈ ప్రశ్న అడిగేవారంటే నాకు గౌరవం. మనస్సాక్షి ఉన్నవారే దీన్ని అడుగుతారు.

ప్రాతినిధ్యం వేరు, సమ్మతి వేరు. పాకిస్తాన్ కేటాయించిన హైదరాబాద్ అబ్బాయి ఆ దేశ విధానాన్ని సభలో వినిపిస్తే అతను ఆ దేశం పక్షం వహించినట్టు కాదు. ఆ దేశ ప్రభుత్వం లోకాన్ని ఎలా చూస్తోంది, ఏ భయంతో అలా మాట్లాడుతోంది అన్నది లోపలి నుంచి అర్థం చేసుకున్నాడని లెక్క. అవతలి పక్షం వాదనను దాని బలమైన రూపంలో చెప్పగలిగినవారే తర్వాత దాన్ని సరిగా ఎదుర్కోగలరు. సదస్సులు విద్యార్థులకు ఇచ్చే విద్యలో ఇదే అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం.

హద్దులు కూడా ఉన్నాయి. ఒక మతాన్నో జాతినో కించపరిచే మాటలు ఏ దేశం పేరు చెప్పినా అనకూడదు. నిజమైన దౌత్యవేత్తలు కఠిన విధానాన్ని కూడా మర్యాదగా చెబుతారు. ఆ దేశస్థుల యాసను అనుకరించడం, వేషధారణతో నవ్వించడం వద్దేవద్దు. విధానాన్ని పూర్తిగా వదిలేసి మీకు నచ్చినట్టు మాట్లాడటమూ కుదరదు. ఇరుకున పడితే, మీ దేశం పదేపదే వాడే మాటలనే పట్టుకోండి: సార్వభౌమత్వం, సంప్రదింపులు, ప్రాంతీయ పరిష్కారం.

తొలి ప్రసంగంలో ఏమి చెప్పాలి?

1957 జనవరిలో భద్రతా మండలిలో కశ్మీర్‌పై భారత ప్రతినిధి వి.కె. కృష్ణమేనన్ దాదాపు ఎనిమిది గంటలు మాట్లాడారు. మీకు దొరికేది 90 సెకన్లు. నా మొదటి సదస్సుకు నేను నాలుగు పేజీల ప్రసంగం రాసుకెళ్లాను. మొదటి పేజీ ముగియకముందే ఛైర్ సుత్తి చప్పుడు వినిపించింది. చెప్పాలనుకున్న అసలు ప్రతిపాదన నాలుగో పేజీలో ఉండిపోయింది. ఆ రోజు కలిగిన బాధ వల్లే నా విద్యార్థులందరికీ ఇప్పుడు ఒకే మాట చెబుతాను: ప్రతిపాదన మొదటి 30 సెకన్లలో రావాలి.

ఉదాహరణకు అంశం సముద్ర మట్టం పెరుగుదల, మీరు బంగ్లాదేశ్ అనుకోండి. “మా దేశంలో కోట్లమంది సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే నివసిస్తున్నారు. తుపాను హెచ్చరికలు, ఆశ్రయ కేంద్రాలతో మేము ప్రాణాలు కాపాడుకోగలమని చూపించాం. పొలంలోకి వచ్చే ఉప్పునీటిని మాత్రం ఒంటరిగా ఆపలేం. అందుకే వాతావరణ మార్పు వల్ల నష్టపోయిన దేశాలకు సాయపడే నిధి నుంచి డబ్బు చేరే గడువును ఈ కమిటీ నిర్ణయించాలని కోరుతున్నాం. దీనిపై మాల్దీవులు, వియత్నాంలతో కలిసి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాం.” ఇంతే. సమస్య, అనుభవం, కోరిక, పిలుపు. చివరి వాక్యంలో పేర్లు చెప్పారు కాబట్టి విరామంలో ఆ ఇద్దరూ మీ దగ్గరికి వస్తారు.

చాలా సదస్సుల్లో ‘నేను’ అనకూడదు; ‘మా దేశం’ అనాలి. మొదట్లో నాలుక తిరగదు, పది నిమిషాల్లో అలవాటవుతుంది. సమయం మిగిలితే ‘యీల్డ్’ చేయవచ్చు, అంటే ఆ సమయాన్ని ప్రశ్నలకో, ఇంకో దేశానికో, ఛైర్‌కో అప్పగించవచ్చు. కొత్తలో ఛైర్‌కు అప్పగించడం సురక్షితం. రెండో రోజు నుంచి ప్రశ్నలకు అప్పగించి చూడండి.

ఈ మోషన్లు, పాయింట్లు, కాకస్‌లు అంటే ఏమిటి? అయోమయంగా ఉంది.

హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్’ అంటే తీర్మానంపై తటస్థంగా ఉండే వీలు మిగులుతుంది. ‘ప్రెజెంట్ అండ్ ఓటింగ్’ అంటే అనుకూలమో వ్యతిరేకమో తేల్చాల్సిందే. కొత్తవారు మొదటిదే చెప్పండి.

జనరల్ స్పీకర్స్ లిస్ట్ అంటే అందరూ వరుసగా మాట్లాడే జాబితా. మోడరేటెడ్ కాకస్ అంటే ఒక ఉపాంశం మీద, ఛైర్ పిలిచినవారు కొద్ది సెకన్ల చొప్పున మాట్లాడటం. దాన్ని ప్రతిపాదించేటప్పుడు ఉపాంశం, మొత్తం సమయం, ఒక్కొక్కరికి ఎంత సమయం అన్న మూడూ చెప్పాలి. అన్‌మోడరేటెడ్ కాకస్‌లో కుర్చీల నుంచి లేచి, కావలసినవారితో నేరుగా మాట్లాడుకుంటారు.

మైకు వినిపించకపోయినా, చలి వేసినా పాయింట్ ఆఫ్ పర్సనల్ ప్రివిలేజ్. నియమం గురించి సందేహమైతే పార్లమెంటరీ ఎంక్వయిరీ. నియమం తప్పారనిపిస్తే పాయింట్ ఆఫ్ ఆర్డర్. దీన్ని ఎదుటివారిని ఇబ్బంది పెట్టడానికి వాడేవారున్నారు, మీరు అలా చేయకండి. సభ సాగుతుండగా ఇతర దేశాలకు రాసి పంపేవి చిట్లు. వాటి మీద ఎవరి నుంచి ఎవరికో స్పష్టంగా రాయండి.

నియమాలు సదస్సుకూ సదస్సుకూ మారతాయి, నిర్వాహకులు పంపిన నియమావళే మీకు ప్రమాణం. నిజమైన ఐక్యరాజ్యసమితిలో మోడరేటెడ్ కాకస్ అన్నదే లేదు. చర్చలు చాలావరకు హాలు బయట, చిన్న గదుల్లో, ఏకాభిప్రాయం కోసం సాగుతాయి. 2020లో ఐక్యరాజ్యసమితి మోడల్ యూఎన్ మీద సొంతంగా ఒక మార్గదర్శిని ప్రచురించింది. అందులో ఏకాభిప్రాయానికే పెద్దపీట వేసింది. వీలైతే అది చదివి వెళ్లండి.

అన్‌మోడరేటెడ్ కాకస్‌లో అందరూ గుంపులు కడతారు. నన్ను ఎవరూ పట్టించుకోకపోతే?

సదస్సులో ఒంటరితనం బాగా తెలిసే సమయం ఇదే. పది మంది ఒక లాప్‌టాప్ చుట్టూ మూగి ఉంటారు, మధ్యలో ఒకరు గట్టిగా మాట్లాడుతుంటారు. తోసుకుంటూ లోపలికి వెళ్లాలని చూడకండి. గుంపు అంచున మీలాగే మౌనంగా నిలబడ్డ వ్యక్తి ఒకరు తప్పక ఉంటారు. ముందు వారితో మాట్లాడండి. ఇద్దరైతే మూడోవారు వస్తారు.

ఖాళీ చేతులతో వెళ్లకండి. రాత్రే రెండు మూడు నిబంధనలు కాగితం మీద రాసి ఉంచుకోండి. “మేమూ చేరవచ్చా?” అని అడిగినవారికన్నా “నిధుల భాగం ఎవరైనా రాశారా? నా దగ్గర ఒక ముసాయిదా ఉంది” అని కాగితం చాపినవారికి చోటు త్వరగా దొరుకుతుంది. ఏ గుంపైనా పెద్ద మాటలు ముందు రాసేసి, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, అమలును ఎవరు చూస్తారు అన్నవి చివరికి వదిలేస్తుంది. ఆ రెండూ మీరు పట్టుకోండి.

ఇది పిల్లల సదస్సులకే పరిమితం కాదు. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పందం 11వ సదస్సు హైదరాబాద్‌లో జరిగింది. అక్కడా ముఖ్యమైన బేరం డబ్బు మీదే. వర్ధమాన దేశాలకు జీవవైవిధ్యం కోసం చేరే అంతర్జాతీయ నిధులను 2015 నాటికి రెట్టింపు చేయాలని చివరికి నిర్ణయించారు. ఇలాంటి చోట్ల ఒప్పుకోని మాటలను చతురస్రాకారపు బ్రాకెట్లలో ఉంచుతారు. ఒక్కో బ్రాకెట్టూ తొలగించడమే ప్రతినిధుల పని. మీ గుంపులోనూ ఆ పద్ధతి పెట్టి చూడండి. దేని మీద తగాదా ఉందో, దేని మీద లేదో అందరికీ కంటికి కనబడుతుంది.

తీర్మానం రాయడం ఎలా?

తీర్మానమంతా వ్యాకరణపరంగా ఒకే పొడవైన వాక్యం. పైభాగంలో పీఠిక ఉంటుంది; సమస్య నేపథ్యం, పాత తీర్మానాలు, ఒప్పందాలు అందులో గుర్తుచేస్తారు. కింద సంఖ్యలు వేసిన నిబంధనలు ఉంటాయి. కమిటీ ఏమి చేయాలంటోందో వాటిలో ఉంటుంది. ముసాయిదా రాసినవారు స్పాన్సర్లు. దాన్ని చర్చకు పెట్టాలని కోరుతూ సంతకం చేసినవారు సిగ్నేటరీలు. వీరు సమర్థించాలని లేదు.

“అన్ని దేశాలూ సముద్ర కాలుష్యాన్ని అరికట్టాలి” అని రాస్తే ఎవరూ వ్యతిరేకించరు, ఎవరూ ఏమీ చేయరు. “చిన్న ద్వీప దేశాల రేవుల్లో పాడైన చేపల వలలను సేకరించే కేంద్రాలకు సాంకేతిక సాయం అందించాలని, పురోగతిపై ఏటా నివేదిక ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమాన్ని కోరుతోంది” అని రాస్తే దాని మీద చర్చ మొదలవుతుంది. ఎవరు, ఎక్కడ, దేనితో, ఎప్పటిలోగా అన్నవి ప్రతి నిబంధననూ అడగండి.

క్రియాపదం బరువు చూసుకోండి. సర్వసభ్య సభ సాధారణంగా సిఫార్సు మాత్రమే చేయగలదు. సైన్యం పంపడం, ఆంక్షలు విధించడం భద్రతా మండలి పని. మూడో కమిటీలో కూర్చుని ఒక దేశంపై ఆంక్షలు విధించే నిబంధన రాస్తే, మిగతా ముసాయిదా ఎంత బాగున్నా ఛైర్ వెనక్కి పంపుతారు.

ఒక్కో మాట ఎంత చేయగలదో రెండు ఉదాహరణలు చెప్పి తీరాలి. విశ్వ మానవ హక్కుల ప్రకటన ముసాయిదాలో, మనుషులందరినీ ఉద్దేశించి పురుషవాచకమైన ఇంగ్లీషు మాట ఉండేది. మానవ హక్కుల సంఘంలో భారత ప్రతినిధి హంసా మెహతా దానికి అభ్యంతరం చెప్పారు. స్త్రీలను పక్కన పెట్టడానికి ఆ మాటను సాకుగా వాడుకునే ప్రమాదం ఉందన్నది ఆమె భయం. మొదటి అధికరణం ఇవాళ “మానవులందరూ” అనే అర్థమిచ్చే మాటతో మొదలవుతోందంటే ఆమె పట్టుదల వల్లే.

రెండోది 1967 నవంబరు 22న భద్రతా మండలి ఏకగ్రీవంగా ఆమోదించిన 242వ తీర్మానం. ఆ ఏడాది అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో ఆక్రమించిన భూభాగాల నుంచి ఇజ్రాయెల్ సేనల ఉపసంహరణ గురించిన వాక్యంలో, ఇంగ్లీషు పాఠంలో ‘భూభాగాలు’ అన్న మాటకు ముందు నిర్దిష్టతను తెలిపే ‘ది’ అనే ఉపపదం లేదు. ఫ్రెంచి పాఠం అన్ని భూభాగాలనూ సూచిస్తున్నట్టు చదవవచ్చు. అన్నిటి నుంచా, కొన్నిటి నుంచా అన్న వాదన నేటికీ తెగలేదు. మీ ముసాయిదాలో ఎవరైనా ఒక చిన్న పదం కోసం పట్టుబడితే విసుక్కోకుండా కారణం అడగండి.

స్పాన్సర్లందరూ ఒప్పుకుంటే సవరణ నేరుగా చేరిపోతుంది. ఒప్పుకోకపోతే కమిటీ ఓటు వేస్తుంది. మీ నిబంధన మీద సవరణ వస్తే కోపగించుకోవద్దు; దాన్ని ఎవరో శ్రద్ధగా చదివారని దాని అర్థం.

ఓటింగ్ ఎలా జరుగుతుంది? తీర్మానం వీగిపోతే వృథాయేనా?

సర్వసభ్య సభలో మామూలు విషయాలకు సాధారణ మెజారిటీ, అంతర్జాతీయ శాంతి, భద్రతల వంటి ముఖ్య విషయాలకు మూడింట రెండు వంతులు కావాలి. భద్రతా మండలిలో తొమ్మిది అనుకూల ఓట్లు ఉండాలి, అయిదు శాశ్వత సభ్య దేశాల్లో ఏదీ వీటో చేయకూడదు, అంటే వ్యతిరేకంగా ఓటు వేయకూడదు. శాశ్వత సభ్య దేశం తటస్థంగా ఉంటే అది వీటో కాదు. పరీక్షలో అడిగినట్టు దీన్ని చాలా ఛైర్లు అడుగుతారు.

వీగిపోయినా వృథా కాదు. మీరు చూడాల్సింది ఇంకొకటి ఉంది. 1948 డిసెంబరు 10న మానవ హక్కుల ప్రకటనకు 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి, 8 తటస్థంగా ఉన్నాయి, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. మనస్ఫూర్తిగా ఒప్పుకోని దేశాలు కూడా అడ్డుపడకుండా ఆగిపోయేలా రాయడం గొప్ప నేర్పు. మీ తీర్మానానికి ఎన్ని ‘కాదు’లు ‘తటస్థం’గా మారాయో లెక్కపెట్టండి.

అవార్డు రావాలంటే ఏమి చేయాలి?

బెస్ట్ డెలిగేట్, హై కమెండేషన్, స్పెషల్ మెన్షన్ అని ఇస్తారు. మొదటి సదస్సులో వాటి గురించి ఆలోచించకండి. అవార్డు కోసం ఇతరుల ముసాయిదాలు లాక్కోవడం, కొత్తవారిని మాట్లాడనివ్వకపోవడం, ఛైర్ కంట పడేలా ప్రతి మోషన్‌కూ లేవడం నేను ఎంతగానో చూశాను. అలా గెలిచిన పిల్లలు దౌత్యం నేర్చుకోలేదు. ఛైర్‌గా నేను మార్కులు వేసేటప్పుడు ఒక కాగితంపై వేరే లెక్క రాసుకునేవాడిని: ఎవరి మాట వల్ల ఎవరు మనసు మార్చుకున్నారు? ఆ లెక్కలో పైన ఉన్న పేర్లు చాలాసార్లు గదిలో అందరికన్నా తక్కువ మాట్లాడినవారివే.

ఫీజులు ఎక్కువగా ఉన్నాయి. మంచి సదస్సును ఎలా గుర్తించాలి? ఇంట్లో ఎలా ఒప్పించాలి?

కొన్ని వందల రూపాయల నుంచి వేల రూపాయల వరకు ఉంటాయి. ఖరీదైన హోటల్లో జరిగినంత మాత్రాన చర్చ బాగుంటుందని కాదు. ఒకసారి నేను తీసుకెళ్లిన పిల్లలు డబ్బు కట్టి, నెల రోజులు చదివి వెళ్తే, ముందురోజు రాత్రి వాళ్ల కమిటీని రద్దు చేసి వేరేదానిలో కలిపారు. ఒక్క పైసా వెనక్కి రాలేదు. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

అందుకే డబ్బు కట్టేముందు అడగండి. బ్యాక్‌గ్రౌండ్ గైడు ఎన్ని రోజుల ముందు ఇస్తారు? కమిటీ మారితే డబ్బు తిరిగి ఇస్తారా? కొత్తవారికి శిక్షణ ఉందా? ఈబీలో ఎవరున్నారు? గైడు రెండు వారాల ముందే వచ్చే సదస్సు చాలావరకు నమ్మదగినదే. మొదటిసారికి సొంత ఊళ్లో, ఏదైనా కళాశాల తక్కువ ఫీజుతో జరిపే సదస్సు చాలు. మీ కళాశాలలో లేకపోతే ఇరవై మంది కలిసి తరగతి గదిలో ఒక ఆదివారం నడుపుకోవచ్చు. ఛార్టర్ ప్రతి, చేతి గడియారం, అట్టముక్కలతో ప్లకార్డులు ఉంటే పని జరుగుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు సర్టిఫికెట్ గురించి కాకుండా, మీరు రాసిన పొజిషన్ పేపర్ చదివి వినిపించండి. నాన్నగారో అత్తయ్యో ఎదురు ప్రశ్న వేస్తారు. అదే మీ మొదటి కమిటీ అనుకోండి.

ఏ బట్టలు వేసుకోవాలి?

ఫార్మల్స్ అంటారు. కోటు తప్పనిసరి అనుకుని అప్పు చేసి కొనకండి. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, లేదా చీర, సల్వార్ కమీజ్ ఎక్కడైనా మర్యాదకరమే. కాళ్లు నొప్పి పుట్టని చెప్పులు ముఖ్యం. రోజంతా నిలబడే మాట్లాడుకుంటారు.

ఎవరైనా నా ఉచ్చారణను ఎగతాళి చేస్తే? అసభ్యంగా ప్రవర్తిస్తే?

మౌనంగా భరించకండి. చిట్ల ద్వారా వచ్చే వెకిలి మాటలు, ఫోన్ నంబరు కోసం వేధించడం, ఉచ్చారణ మీద నవ్వులు, ఇవేవీ సదస్సులో భాగం కాదు. చిట్టీని చింపేయకుండా దాచి, ఛైర్‌కు చూపించండి. తప్పు ఛైర్‌దే అయితే సదస్సు కార్యదర్శి దగ్గరికో, మీతో వచ్చిన ఉపాధ్యాయుల దగ్గరికో వెళ్లండి. పరిచయం లేని ఊరికి వెళ్తుంటే కనీసం ఇద్దరు కలిసి వెళ్లండి.

సదస్సు అయిపోయాక ఏమి చేయాలి?

ఆ రాత్రే, నిద్రపోయేముందు, మీకు జవాబు తెలియని ప్రశ్నలన్నీ రాసిపెట్టుకోండి. రెండు రోజులకే అవి మరిచిపోతారు. మర్నాడు మీ కమిటీ ఆమోదించిన తీర్మానాన్నీ, అదే అంశంపై ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అసలు తీర్మానాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. మీరు గంటలో తేల్చేసిన మాటకు అక్కడ ఎంత జాగ్రత్తగా చుట్టుతిరిగారో, మీరు వాదించుకున్నచోట వాళ్లు ఎలా దాటిపోయారో కనబడుతుంది. మీకు ప్రత్యర్థులుగా నిలిచిన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు, వాళ్లు ఇష్టపడితే, తీసుకుని ఉంచుకోండి. తర్వాతి సదస్సుకు ముందు మీ ముసాయిదాను వాళ్లకే పంపి తప్పులు అడగండి.